పేరునే పూచీ పెట్టిన వర్తకుడు

అమెరికా స్వాతంత్ర్యం అనగానే మన నర్సంపేటలో వాషింగ్టన్ పేరు చెబుతారు. ఆయన సైన్యానికి డబ్బు సమకూర్చిన వర్తకుడి పేరు వినిపించదు. నేను స్థిరపడ్డ ఫిలడెల్ఫియాలోనే, క్రైస్ట్ చర్చిలో అతని సమాధి ఉంది. అతని పేరు రాబర్ట్ మోరిస్.

1734లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో పుట్టాడు. పదమూడేళ్లప్పుడు, మేరీలాండ్‌లో పొగాకు వ్యాపారం చూసుకునే తండ్రి దగ్గరికి వచ్చాడు. ఓడవాళ్లు మర్యాదకు పేల్చిన ఫిరంగి దెబ్బ తగిలి 1750లో ఆ తండ్రి పోయాడు. మోరిస్ గుమాస్తాగా చేరిన చోటే ఎదిగి, 1757లో యజమాని కొడుకు థామస్ విల్లింగ్‌తో భాగస్వామి అయ్యాడు. వాళ్ల ఓడలు పిండి, పొగాకుతో పాటు బానిసలనూ మోశాయి. ఈ మచ్చను దాచకూడదు.

1776 జూలై 2న కాంగ్రెస్‌లో స్వాతంత్ర్యంపై ఓటు జరిగింది. అప్పుడే స్వాతంత్ర్యం తొందరపాటని పెన్సిల్వేనియా ప్రతినిధుల్లో ఒకడైన మోరిస్ నమ్మకం. అయినా పెన్సిల్వేనియా ఓటుకు అడ్డు కాకుండా పక్కకు తప్పుకుని, తర్వాత ప్రకటనపై సంతకం చేశాడు.

1781 నాటికి ఖజానా ఖాళీ. కాంగ్రెస్ అచ్చేసిన నోట్లకు విలువ లేదు, పన్ను వేసే అధికారమూ లేదు. ఆర్థిక బాధ్యత తీసుకున్న మోరిస్ తన సొంత పూచీ మీద నోట్లు ఇచ్చాడు. అడ్తిదారు మాట మీద మన రైతు మిర్చి బస్తాలు వదిలి వెళ్లినట్టు, జనం అతని పేరు చూసి ఆ నోట్లు తీసుకున్నారు. సైన్యం నిర్ణాయక పోరు జరిగిన యార్క్‌టౌన్‌కు కదిలేటప్పుడు ఫ్రెంచి సేనాని రోషాంబో దగ్గర 20,000 డాలర్లు అప్పు తెచ్చి, సైనికులకు నెల జీతం నాణేల్లో ఇప్పించాడు. ఒక్క మనిషి పరపతితో దేశం ఎల్లకాలం నడవదు. అందుకే 1787 రాజ్యాంగం కాంగ్రెస్‌కు పన్ను వేసే అధికారం ఇచ్చింది. దానిపై సంతకం చేసినవాళ్లలో మోరిస్ ఒకడు. 1789 నుంచి 1795 దాకా సెనేటర్‌గా పనిచేశాడు.

ఆ రోజుల్లోనే భూముల వెర్రి పట్టింది. లక్షల ఎకరాలు అప్పు మీద కొన్నాడు. అనుకున్న ధరకు కొనేవాళ్లు రాలేదు. సుమారు 30 లక్షల డాలర్ల బాకీతో 1798లో జైలు పాలయ్యాడు. వాషింగ్టన్ అక్కడికే వెళ్లి అతనితో కలిసి భోంచేశాడు. 1800లో వచ్చిన దివాలా చట్టం వల్ల మరుసటి ఏడాది విడుదలై, 1806లో చనిపోయాడు.

అప్పు తెచ్చి ప్లాట్లు కొంటున్న మన ఊరి తమ్ముళ్లు ఈ జీవితాన్ని చివరిదాకా చదవాలి. యుద్ధం గెలిపించిన పరపతి కూడా తీర్చలేని అప్పు ముందు నిలవలేదు.