బ్రౌను దొరయు, పాలకుర్తి ద్విపదయు

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల సోదరులలో పాల్కురికి సోమనాథుని పేరెఱుగనివా రరుదు. జనగామ చెంతనున్న పాలకుర్తియే యా మహాకవి జన్మస్థానమని మన ప్రాంతపు విశ్వాసము. అట్టి కవి ద్విపదను చరిత్రకాధారముగా గైకొని పరదేశీయులకు దెలిపినవాడు కడపలో నుద్యోగము చేసిన యొక యాంగ్లేయుడనిన మన సభ్యులలో గొందఱు విస్మయమొందవచ్చును.

ఆతడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. 1798లో కలకత్తాలో జన్మించి, 1817లో చెన్నపట్టణమునకును, 1820లో కడపకును వచ్చెను. అప్పటికి అచ్చుపడిన తెలుగు గ్రంథములు స్వల్పము; తాళపత్రములు చెదల పాలగుచుండెను. దొర సొంతసొమ్ము వెచ్చించి, అప్పులు చేసియు బ్రతులు తెప్పించెను. కడప బంగళాలోనే పండితులను, వ్రాయసకాండ్రను జీతములిచ్చి నిలిపెను. ఒక్కొక్క గ్రంథమునకు బెక్కు ప్రతులు కూర్చి, పాఠములు పోల్చి, శుద్ధప్రతి వ్రాయించుట యచటి పద్ధతి. ఆ పనిని నడిపించినవాడు అయోధ్యాపురము కృష్ణారెడ్డి. పండితులలో జూలూరి అప్పయ్య యొకడు. దొర కీర్తిని జెప్పి వీరిని విడుచుట న్యాయము కాదని మా యభిప్రాయము.

1834లో నుద్యోగము పోయి లండను చేరియు నాత డూరకుండలేదు. ఇండియా హౌసు గ్రంథాలయమున బడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులు చెన్నపట్టణము చేరుటకు గారకుడయ్యెను.

మరలివచ్చి, 1840లో 'మద్రాసు జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్' పత్రికలో జంగముల మతాచార వాఙ్మయములను గూర్చి వ్యాసము ప్రకటించెను. పండితులు ద్విపదను జిన్నచూపు చూచుచుండిన కాలమది. ఒక సమాజపు వృత్తాంతమును బరుల మాటలనుబట్టి గాక, బసవపురాణము మొదలగు నా సమాజమువారి గ్రంథములనుబట్టియే చెప్పబూనుట యందలి విశేషము. కంపెనీ యుద్యోగి చూపును, క్రైస్తవాభిమానమును నాతని తీర్పులలో నక్కడక్కడ దోచును. వానిని వేఱుచేసికొని చదువవలెను. 1852 నాటి నిఘంటువులోను ద్విపద ప్రయోగములకు జోటిచ్చెను. 1884లో లండనులో మరణించెను.

వ్యాసము వెలువడిన 86 ఏండ్లకు, 1926లో, వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పరిష్కరణముతో బసవపురాణమును, 1939లో చిలుకూరి నారాయణరావుగారి పరిష్కరణముతో బండితారాధ్యచరిత్రమును అచ్చయ్యెను. నడుమ నన్ని యేండ్లును వానిని గాపాడినవి వ్రాతప్రతులే.

మన యిండ్లలో బూజాపీఠములపై బసుపుకుంకుమలతో నుండి, తరతరములుగా విప్పబడని తాళపత్రపు గట్టలున్నయెడల, వానిని మహాసభకు గొనిరాగోరుచున్నారము. కట్టలను మేముంచుకొనము, యజమానుల కన్నులయెదుటనే ఛాయాచిత్రములు తీయించి యానాడే మరల నప్పగింతుము.