సికిల్ సెల్, తలసీమియా సంరక్షణ ఉద్యమం

సికిల్ సెల్, తలసీమియా తల్లిదండ్రుల నుంచి బిడ్డలకు వచ్చే జీవితకాల రక్తవ్యాధులు. వీటికి న్యాయమైన వైద్యం అందాలని బాధిత కుటుంబాలు, వైద్యులు కలిసి తెలంగాణలో సాగిస్తున్న కృషి ఇది. 1998లో హైదరాబాద్‌లో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీని తల్లిదండ్రులు, వైద్యులు, దాతలు కలిసి స్థాపించారు. బిడ్డకు రక్తం కోసం పరుగులు పెట్టిన అమ్మానాన్నలే వైద్యుల పక్కన కూర్చుని సంస్థను నడపడం దీని అసలు బలం.

తీవ్ర తలసీమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన కొద్దీ గుండెలో, కాలేయంలో ఇనుము పేరుకుంటుంది. దాన్ని తొలగించే మందు రోజూ వాడాలి. ఇందుకోసం హైదరాబాద్‌కు రావాలంటే కరీంనగర్ నుంచి సుమారు 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుంచి దాదాపు 300. ప్రతి ప్రయాణానికీ ఒక రోజు కూలి పోతుంది. అందుకే జిల్లాలోనే రక్తం, మందు దొరకడమన్నది సౌకర్యం కాదు, ప్రాణావసరం.

ఆదిలాబాద్ అడవుల్లోని గోండు, కొలాం గూడేల్లో సికిల్ సెల్ సమస్య ఉంది. కొడవలిలా వంగిన ఎర్రకణాలు సన్నని రక్తనాళాలకు అడ్డుపడితే భరించలేని నొప్పి వస్తుంది. హైడ్రాక్సీయూరియా మాత్రలు ఆ నొప్పి పదేపదే రావడాన్ని తగ్గిస్తాయి, కానీ వాటిని వాడటం క్రమం తప్పకూడదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం సికిల్ సెల్, తలసీమియా రెండింటినీ, మరో రక్తవ్యాధి అయిన హీమోఫీలియానూ 21 వైకల్యాల జాబితాలో చేర్చింది. అయితే ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ మాత్రం రక్తవ్యాధులకు దక్కలేదు. ఇది సరిదిద్దాల్సిన లోటు. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2047ను గడువుగా పెట్టుకుంది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపు వారికి పరీక్షలు చేయడం అందులో ప్రధాన భాగం.