తట్టు పోసిన బిడ్డ – బడికి సెలవు

గుత్తికిని అనంతపురమునకును నడుమ, పెన్న ఒడ్డున నున్న పామిడి బట్టల వ్యాపారమునకు, కుట్టుపనికి పేరుపడిన ఊరు. తక్కిన రాయలసీమలో వలెనే అక్కడను, బిడ్డకు ఒంటిమీద పొక్కులు కనుపించిన యింటి గుమ్మమునకు వేపమండ కట్టుట పాత ఆచారము. "అమ్మవారు పోసింది" అన్నచో ఇరుగుపొరుగువారు ఆ గడప తొక్కరు. నీళ్లు పోయువరకు బిడ్డను బడికి పంపరు. దీనిని మూఢాచారమని కొట్టివేయుట తేలిక. వేపమండ వ్యాధిని మాన్పదు, నిజమే. కాని ఇంటికి ఎవరును రావలదని తెలుపు గుర్తుగా అది అక్షరము రానివారికిని అర్థమయ్యెను.

అయితే మశూచికిని, తట్టుకును, ఆటలమ్మకును గుర్తు ఒక్కటే. వ్యాధుల నడత మాత్రము ఒక్కటి కాదు.

మశూచి సోకినవానికి మొదట తీవ్రమైన జ్వరము వచ్చి మంచము పట్టించును. రెండు మూడు దినములకు పొక్కులు లేచును. జ్వరమునకు ముందు అతని వలన ఇతరులకు అంటదు. పొక్కులు లేచిన మొదటి వారములోనే మిక్కిలిగా అంటును. కావున పొక్కు చూచి తలుపు మూసినను ఆలస్యము కాదు. మనదేశమున మశూచిని తుడిచిపెట్టిన ఉద్యమమునకు ఈ లక్షణమే పట్టుకొమ్మ. 1973 నుండి పనివారు ఇల్లిల్లు వెదకిరి. బడులకు పోయి మశూచి బిడ్డ బొమ్మగల అట్టను చూపి, ఇట్టివారిని ఎక్కడైన చూచితిరా యని పిల్లలనే అడిగిరి. పెద్దలు దాచినను పిల్లలు దాచరు గదా! రోగి యున్న యింటి ముందు రాత్రింబగళ్లు కావలి పెట్టి, చుట్టునున్నవారికి టీకాలు వేసిరి. మనదేశములో పుట్టిన చివరి మశూచి 1975 మే నెలలోనిది. 1980లో అది ప్రపంచమునుండియే అంతరించినదని ప్రకటించిరి.

తట్టు సంగతి వేరు. 1846లో డెన్మార్కు పాలనలోని ఫారో దీవులకు కోపెన్‌హేగన్ నుండి వచ్చిన వడ్రంగి యొకడు దానిని తెచ్చెను. 7,782 మంది జనులలో ఆరువేలకు పైగా జబ్బుపడిరి. రాకపోకలు మాన్పిన ఊళ్లు కొన్ని తప్పించుకొనెను. విచారణకై పోయిన పానుమ్ అను యువవైద్యుడు ఊరూరు తిరిగి, ఎవరు ఏ తేదీన రోగిని కలిసిరో, ఎప్పుడు దద్దు లేచెనో వ్రాసికొనెను. సోకిన 13, 14 దినములకు దద్దు లేచునని తేలెను. 1781లో తట్టు పోసిన ముసలివారికి 65 ఏండ్ల తరువాతను అది మరల రాలేదు. దద్దు లేచునప్పుడే అంటుట హెచ్చని పానుమ్ తలచెను. దద్దుకు నాలుగు దినముల ముందే అంటుట మొదలగునని తరువాతివారు కనుగొనిరి.

చిక్కు ఇక్కడనే యున్నది. ఆ నాలుగు దినములలో కనుపించునవి జ్వరము, దగ్గు, ముక్కు కారుట, కండ్లు ఎఱ్ఱబడుట. జలుబే గదా యని తల్లి బడికి పంపును. ఆమె ఇంట కూర్చున్నచో కుట్టుకూలి పోవును. బిడ్డకు బడిలోని మధ్యాహ్న భోజనము పోవును. 2020లో ఆంధ్రప్రదేశములో ఆరంభమైన అమ్మఒడి పథకమునకు 75 శాతము హాజరు నియమము కూడ నుండెను. ఒక్కదినమైనను మానని విద్యార్థికి బహుమతి యిచ్చు బడులు ఈ సంగతి ఆలోచింపదగును. రోగి గదిని వదలిన రెండు గంటల వరకు తట్టు వైరసు అక్కడి గాలిలో నిలువగలదు. గుమ్మమునకు వేపమండ ఎక్కునప్పటికే పక్క బల్లవానికి సోకియుండును. దాదాపు రెండు వారములకు రెండవ వరుస పడకవేయును.

దద్దు లేచిన తరువాత నాలుగు దినములు బిడ్డను ఇంట నుంచుట నేటికిని అవసరమే. కాని తట్టు విషయములో ముందుగా పనిచేయునది టీకా. 1963లో అది మొదట వాడుకలోనికి వచ్చినది. 1985 నుండి మనదేశపు సార్వత్రిక టీకా కార్యక్రమములో చేరినది. 2017 ఆగస్టులో ఆంధ్రప్రదేశములో తొమ్మిది నెలల పసివారు మొదలు 15 ఏండ్ల లోపు పిల్లలకు తట్టు, రుబెల్లా టీకా వేసినప్పుడు, బడి యీడు వారికి చాలవరకు బడులలోనే వేసిరి.