ప్రమాద బీమా: వైకల్యం వస్తే ఆదుకునేదెవరు?
ఏజెంటును ఎంచుకునే ముందు అడిగి తెలుసుకోవాలి

తాటిచెట్టుపై నుంచి జారిపడిన గీత కార్మికుడు, పరంజా కూలి నడుము దెబ్బతిన్న తాపీమేస్త్రీ, నూర్పిడి యంత్రంలో చేయి పోగొట్టుకున్న కూలీ... పల్లెల్లో ఇటువంటి వార్తలు కొత్త కాదు. ప్రాణం దక్కినా సంపాదన ఆగిపోతుంది. అయినా బీమా అనగానే మరణానంతరం వచ్చే సొమ్ము గురించే తప్ప, మంచాన పడితే ఏమిటని అడిగేవారు అరుదు. తమంతట తాము ఆ సంగతి ప్రస్తావించే ఏజెంట్లూ తక్కువే.

ఊళ్లో అందరికీ తెలిసిన ఏజెంటు సాధారణంగా జీవిత బీమా ఏజెంటే. ఎల్‌ఐసీ పాలసీకి అదనపు ప్రీమియంతో ప్రమాద మరణ, వైకల్య రైడరు చేర్చుకోవచ్చు. శాశ్వత వైకల్యం సంభవిస్తే ఆ మొత్తాన్ని పదేళ్లపాటు నెలవారీ వాయిదాల్లో చెల్లిస్తారు. ఆరు నెలలు పనికి వెళ్లలేని వ్యక్తికి మాత్రం ఇది అక్కరకు రాదు. అందుకు న్యూ ఇండియా, నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా వంటి సాధారణ బీమా సంస్థల వ్యక్తిగత ప్రమాద పాలసీలను పరిశీలించాలి. ఈ సంస్థల ఏజెంట్ల వివరాలు వాటి శాఖా కార్యాలయాల్లో లభిస్తాయి.

నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2021 ఏప్రిల్ 1 నుంచి 'సరళ్ సురక్ష బీమా' పేరిట రూ. 2.5 లక్షల నుంచి రూ. కోటి వరకు ఒకే నమూనా పాలసీని ప్రవేశపెట్టించింది. ఇందులో తాత్కాలిక వైకల్యానికి వారానికి బీమా మొత్తంలో 0.2 శాతం, అంటే రూ. 10 లక్షల పాలసీకి రూ. 2,000 చెల్లిస్తారు. అయితే ఇది ఐచ్ఛికం. అడిగి చేర్పించుకుంటేనే వర్తిస్తుంది.

రూ. 20 బీమా ముందు

ఏజెంటుతో పనిలేనిది ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. 2015లో రూ. 12తో మొదలైన ఈ పథకం వార్షిక ప్రీమియం 2022 జూన్ నుంచి రూ. 20 అయింది. 18 నుంచి 70 ఏళ్ల లోపు ఖాతాదారులు బ్యాంకులోనే చేరవచ్చు. మరణానికి, రెండు కళ్లు లేదా రెండు చేతులు, కాళ్లు పూర్తిగా కోల్పోతే రూ. 2 లక్షలు, ఒక కన్ను, ఒక చేయి లేదా ఒక కాలు పోతే రూ. లక్ష ఇస్తారు. అంతకన్నా తక్కువ వైకల్యానికి పైసా రాదు. చెట్టుపై నుంచి పడినా, పాము కరిచినా వెంటనే ఆసుపత్రిలో నమోదు చేయించుకోవడం తప్పనిసరి. తనకు పెద్దగా మిగలకపోయినా ముందుగా ఈ బీమా తీసుకోమని చెప్పే ఏజెంటు ఉంటే, ఆయన మాట వినదగినదే.

సదరం శాతం చాలదు

సదరం ధ్రువపత్రంలో 40 శాతం ఉంటే క్లెయిమ్ వచ్చేస్తుందని చాలామంది భావిస్తుంటారు. ఇది పొరపాటు. ఏ అవయవానికి ఎంత శాతమన్న పట్టిక పాలసీ పత్రంలోనే ఉంటుంది. దాన్ని తెలుగులో చదివి వినిపించగలరా అని ఏజెంటును అడగాలి. తప్పించుకునే సమాధానం వస్తే మరొకరిని చూసుకోవడం మేలు.

ఆయన ద్వారా క్లెయిమ్ పొందిన కుటుంబం చుట్టుపక్కల ఉంటే వారితో మాట్లాడాలి. ఏజెన్సీ కోడ్ సరైనదో కాదో సంస్థ కార్యాలయంలో నిర్ధారించుకోవాలి. మొదటి ప్రీమియం తానే కడతాననే ఏజెంటును దూరం పెట్టాలి. 1938 బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం అటువంటి రాయితీ నిషిద్ధం. నగదు చేతికిస్తే సంస్థ రసీదు తీసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, దరఖాస్తులో వృత్తిని ఉన్నదున్నట్లు రాయించడం. ప్రీమియం తగ్గుతుందని కరెంటు పనివానిని 'వ్యవసాయం' అని రాస్తే క్లెయిమ్ వేళ చిక్కే.

క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అక్కడా న్యాయం జరగకపోతే ఏడాదిలోగా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలు, యానాం ఆ కార్యాలయ పరిధిలోనివే. రుసుము లేదు, న్యాయవాదీ అక్కరలేదు.