ఎంచేదెవరు, పంచేదెవరు

నేనుండే బాన్ నగరంలో జర్మన్ పరిశోధనా సంస్థ డీఎఫ్‌జీ కార్యాలయం ఉంది. ఏటా 300 కోట్ల యూరోలకు పైగా పరిశోధనలకు పంచే సంస్థ అది. డబ్బు చాలావరకు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలదే. ఎవరికివ్వాలో తేల్చడంలో మాత్రం పైచేయి శాస్త్రవేత్తలది. నాలుగేళ్లకోసారి పరిశోధకులే ఓటేసి తమ తమ రంగాల నుంచి ప్రతినిధులను ఎన్నుకుంటారు. దరఖాస్తుల మీద నిపుణులిచ్చిన అభిప్రాయాలను తూచి చూసేది ఆ ప్రతినిధులే.

ఈ ఓటు వెనక పెద్ద కథే ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడాక ఇక్కడి ప్రయోగశాలలకు పరికరాలు కొనే స్తోమత లేదు, విదేశీ పత్రికలు తెప్పించుకునే దారి లేదు. 1920లో ఫ్రిట్జ్ హేబర్, మాజీ విద్యామంత్రి ఫ్రీడ్రిష్ ష్మిట్-ఓట్ తదితరులు విజ్ఞానాన్ని ఆదుకోవడానికి, డీఎఫ్‌జీకి పూర్వరూపమైన ఒక ఆపత్కాల సంఘం పెట్టారు. గాలిలోని నైట్రోజన్‌తో అమ్మోనియా తయారుచేసిన హేబరే ఈయన. మన రైతులు చల్లే యూరియాకు మూలం ఆ రసాయన ప్రక్రియే. దరఖాస్తులు పరిశీలించే కమిటీలను విద్వాంసులే ఎన్నుకోవడం ఆ సంఘంతో మొదలైంది.

1933 ఏప్రిల్ 7న హిట్లర్ ప్రభుత్వం యూదులను ప్రభుత్వోద్యోగాల నుంచి తొలగించే చట్టం తెచ్చింది. ఇక్కడ యూనివర్సిటీ ప్రొఫెసర్లూ ప్రభుత్వోద్యోగులే. గోటింగెన్ నుంచి భౌతిక శాస్త్రవేత్తలు మాక్స్ బార్న్, జేమ్స్ ఫ్రాంక్ వెళ్లిపోయారు. యుద్ధకాలపు సేవల వల్ల హేబర్ ఉద్యోగానికి ఢోకా లేదు. అయినా తాను నడిపే పరిశోధనాలయంలోని యూదులను తన చేత్తో తీసెయ్యలేక రాజీనామా చేశాడు. మరుసటి జనవరిలో బాసెల్‌లో పోయాడు. ఆయన నిలబెట్టిన సంఘానికి 1934లో యోహానెస్ స్టార్క్ అధ్యక్షుడయ్యాడు. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం మీద యూదు ముద్ర వేసి దూషించినవాడు స్టార్క్. ఆయన కూడా నోబెల్ గ్రహీతే! అందుకే, ఎంపిక చేసేవాడు మేధావి అయితే చాలుననే మాట నేను నమ్మను. కాదని చెప్పగల కమిటీ పక్కన ఉండాలి. ఆ కమిటీని నియమించే అధికారం అతని చేతిలో ఉండకూడదు.

యుద్ధం తర్వాత 1949 రాజ్యాంగం పరిశోధనకు, బోధనకు స్వేచ్ఛ ఉంటుందని ఐదో అధికరణంలో రాసింది. హిట్లర్ పాలనలో ఆగిపోయిన ఆ ఓటూ తిరిగొచ్చింది.

ఎంపిక ప్రశ్న బయటివారిని పిలిచేటప్పుడూ వస్తుంది. 2000 ఆగస్టులో గ్రీన్ కార్డ్ పేరుతో 20,000 మంది దాకా విదేశీ కంప్యూటర్ నిపుణులకు జర్మనీ తలుపులు తీసింది. డిగ్రీ అయినా ఉండాలి, ఏడాదికి లక్ష మార్కుల జీతమైనా రావాలి. గడువు ఐదేళ్లే. వచ్చినవారిలో భారతీయులే ఎక్కువ. భారతీయులను పిలిచే బదులు మన పిల్లలకే కంప్యూటర్లు నేర్పుదామంటూ యుర్గెన్ రుట్‌గర్స్ అనే నాయకుడు ఎన్నికల్లో ప్రచారం చేసి, ఓడిపోయాడు.

పరిశోధకులను పిలిచే తీరు వేరు. 1953లో హైజెన్‌బర్గ్ అధ్యక్షుడిగా మళ్లీ మొదలైన హంబోల్ట్ ఫౌండేషన్ కూడా ఈ ఊళ్లోనే ఉంది. దాని ఫెలోషిప్పులకు దేశాలవారీ కోటా లేదు, సబ్జెక్టులవారీ కోటా లేదు. పీహెచ్‌డీ అయినవారు ఇక్కడ తమకు చోటిచ్చే ప్రొఫెసర్‌ను చూసుకుని, నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఢిల్లీ నుంచి సిఫారసు ఉత్తరమేదీ అక్కర్లేదు.