మానసిక చికిత్స

మానసిక చికిత్స లేదా సైకోథెరపీ అనగా శిక్షణ పొందిన వ్యక్తి, బాధపడుతున్న వ్యక్తితో ఒక పద్ధతి ప్రకారం సంభాషిస్తూ చేసే వైద్యం. కుంగుబాటు, ఆందోళన, తీవ్రమైన ఒత్తిడి వంటి సమస్యలకు దీనిని విడిగా గాని, మందులతో కలిపి గాని ఉపయోగిస్తారు. బంధుమిత్రులు ధైర్యం చెప్పడం మంచిదే కాని అది మానసిక చికిత్స కాదు.

చరిత్ర

వియన్నా వైద్యుడు జోసెఫ్ బ్రాయర్ 1880-82 మధ్య చికిత్స చేసిన ఒక యువతి, తన బాధలను చెప్పుకొన్నప్పుడు ఉపశమనం కలగడం గమనించి దానిని "మాటల వైద్యం" అన్నది. ఈ వృత్తాంతాన్ని బ్రాయర్, సిగ్మండ్ ఫ్రాయిడ్ కలిసి 1895లో ప్రచురించారు. ఆమెకు అప్పటికి పూర్తిగా నయం కాలేదని తరువాతి పరిశోధకులు కనుగొన్నారు. 1960లలో అమెరికా వైద్యుడు ఆరన్ బెక్ ఆలోచనా సరళిని మార్చే కాగ్నిటివ్ థెరపీని రూపొందించాడు. గురుశిష్య సంబంధం భారతీయులకు తగిన చికిత్సా నమూనా కాగలదని జస్వంత్ సింగ్ నేకీ 1973లో ప్రతిపాదించాడు.

పనిచేసే విధానం

హనుమంతునిపాడు మెట్ట ప్రాంతం. ఇటువంటి చోట అప్పు తెచ్చి వేసిన బోరులో నీరు పడని రైతును ఊహించుకొందాం. "బోరు ఎండింది" అనేది వాస్తవం. "నేను దేనికీ పనికిరాను, ఇక ఏ దారీ లేదు" అనేది కుంగుబాటు కలిగించే ఆలోచన. ఈ రెండింటినీ వేరుచేసి, రెండవదానికి ఆధారాలు ఏమిటో రోగి చేతనే పరీక్షింపజేస్తారు. మానివేసిన పనులను, మనుషులతో కలయికను కొద్దికొద్దిగా తిరిగి మొదలుపెట్టిస్తారు. ఆందోళన ఉన్నవారిని తాము భయపడి తప్పించుకొనే పరిస్థితులను క్రమంగా ఎదుర్కొనేటట్లు చేస్తారు. సాధారణంగా వారానికి ఒకసారి చొప్పున కొన్ని వారాలపాటు ఇది జరుగుతుంది. చికిత్స అప్పు తీర్చదు, నీరు తేదు. ఆ బాధ్యత వేరేవారిది. కాని అప్పును గురించి నిర్ణయం తీసుకొనగల స్థితికి మనిషిని తీసుకురాగలదు.

స్వల్ప, మధ్యస్థ కుంగుబాటులో దీని ఫలితం ఇంచుమించు మందులతో సమానం. తీవ్రమైన కుంగుబాటులో రెండూ కలిపి వాడడం మేలు. స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి వ్యాధులలో దీనిని మందులకు బదులుగా వాడరాదు.

గ్రామీణ ప్రాంతాలలో

పల్లెలలో కుంగుబాటు ఆ పేరుతో వైద్యుని వద్దకు రాదు. నిద్రపట్టకపోవడం, గుండెదడ, ఒళ్ళునొప్పులు, నీరసం అని వస్తుంది. రోగి బలానికి సూది మందు వేయించుకొని ఇంటికి వెళ్తాడు. నిపుణులు నగరాలలోనే ఎక్కువగా ఉండడం మరొక అడ్డంకి. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం కుంగుబాటు ఉన్నవారిలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ లేదు.

అయితే ఈ చికిత్సను వైద్యులే చేయనక్కరలేదు. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో మానసిక వైద్యంలో పూర్వానుభవం లేని స్థానికులకు శిక్షణనిచ్చి, 6 నుండి 8 విడతల చికిత్స చేయించారు. 2017లో ప్రచురితమైన ఫలితాలలో, ఈ చికిత్స పొందినవారిలో 64 శాతం మంది మూడు నెలలకు కోలుకోగా, పొందనివారిలో 39 శాతం మందే కోలుకొన్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలోని 30 గిరిజన గ్రామాలలో ఆశా కార్యకర్తలు ట్యాబ్‌ల సహాయంతో ఇంటింటా ప్రశ్నలు అడిగి, అవసరమైనవారిని ప్రాథమిక వైద్యుల వద్దకు పంపారు. అలా గుర్తించినవారిలో వైద్యసేవలు పొందినవారి శాతం 0.8 నుండి 12.6కు పెరిగింది. ఇది మానసిక చికిత్స కాదు, దాని గుమ్మం వరకు దారి మాత్రమే. హనుమంతునిపాడు వంటి మండలాలలోనూ ఆశా కార్యకర్తలు ఉన్నారు కనుక ఈ పద్ధతి ఇక్కడా సాధ్యమే.

చట్టం, సహాయం

2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ప్రభుత్వ ఖర్చుతో నడిచే మానసిక వైద్యసేవలను పొందడం ప్రతి వ్యక్తి హక్కు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లుగానే ఈ చట్టం భావిస్తుంది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.