కాందిశీకుల శిబిరంలో పుట్టిన మందు

మూసారాంబాగులో ఏ మందుల దుకాణంలో అడిగినా ఓ.ఆర్.ఎస్. పొట్లం దొరుకుతుంది. బిడ్డకు విరేచనాలు పట్టుకొన్నవని చెప్పిన తల్లికి దుకాణదారు వైద్యుని చీటీ కూడ అడుగకుండ దానిని చేతికిస్తాడు. అందులో ఉన్నది తెల్లని పొడి: గ్లూకోజు, ఉప్పు, మరి రెండు లవణాలు. ఇంత సామాన్యమైన వస్తువుకు చరిత్ర ఏముంటుందని పాఠకులు అనుకొనవచ్చును. ఈ పేటకు మూసారాంబాగు అను పేరు నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు వలన వచ్చినది. 1798లో మరణించిన ఆ సేనాని సమాధి ఇప్పటికీ దగ్గరి గుట్టమీద ఉన్నది. యుద్ధం చేసినవాని పేరు పేటకు మిగిలినది. యుద్ధం వలన ఇల్లు విడిచిన తల్లుల పేర్లు ఎక్కడా లేవు గాని, ఆ పొట్లం విలువ లోకానికి తెలిసినది మాత్రం వారి చేతుల మీదుగానే.

ముందు శరీరధర్మం కొంత చూడవలె. ఏడాది బిడ్డ బరువులో ఇంచుమించు మూడింట రెండు వంతులు నీరే. పది కిలోల బిడ్డ విరేచనాలలో ఒక కిలో నీరు కోల్పోతే ప్రాణాపాయం. కండ్లు లోతుకు పోతవి, మాడు కుంగుతుంది, పొట్టమీది చర్మాన్ని పట్టి విడిస్తే ముడుత వెంటనే పోదు. తెలంగాణంలో గత్తర అనీ, కోస్తాలో వాంతిభేదులనీ పిలిచే కలరాలో ఈ నష్టమంతా కొద్ది గంటలలోనే జరిగిపోతుంది. గర్భిణికి కలరా సోకితే ఆమె నెత్తురు చిక్కబడి, మాయకు చేరవలసిన రక్తం తగ్గుతుంది. తల్లి బ్రతికినా కడుపులోని శిశువు చనిపోవచ్చును. పాలిచ్చే తల్లి పడిపోతే చంకలోని బిడ్డకు దిక్కు గుంటలోని నీరే, ఆ నీటిలోనే రోగం కలదు. అందుచేత శిబిరంలో తల్లి ఆరోగ్యం, బిడ్డ ఆరోగ్యం అని రెండు విడివిడి సంగతులు లేవు.

తెలుగువారికి ఇది ఎరుగని కథ కాదు. గోదావరి, విశాఖ, శ్రీకాకుళం సీమల నుండి వేలాదిమంది ఓడలెక్కి రంగూనుకు పోయి రేవులోను, బియ్యపు మిల్లులలోను పనిచేసినారు. కోరంగి రేవు పేరుమీదనే బర్మాలో వారికి ‘కోరంగీలు’ అను పేరు వచ్చినది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను జనంలో సగానికి పైగా భారతీయులే. తెలుగువారిలో ఒంటరి మగవారే ఎక్కువైనను, సంసారాలతో స్థిరపడినవారు లేకపోలేదు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుపై బాంబులు కురిపించినవి. 1942 మార్చి 8న నగరం వారి వశమైనది. ఓడ దొరికినవారు ఓడలో వచ్చినారు. దొరకనివారు నడిచినారు. ప్రోము నుండి అరకాను కొండలు దాటి టాంగుపు రేవుకు చేరే దారి ఒకటి. చింద్విన్ నది దాటి టాము మీదుగా మణిపురానికి వచ్చే దారి మరియొకటి. ఆలస్యంగా బయలుదేరినవారికి హుకాంగు లోయ మిగిలినది. వానకాలపు బురదలో, జలగల మధ్య ఆ దారిన అస్సాముకు నడవడం అన్నిటికంటె ఘోరం.

ఇట్లా భూమార్గాన బయలుదేరినవారు నాలుగైదు లక్షలు. దారిలో పోయినవారు పదివేలని కొందరు, యాభై వేలకు పైననే అని మరికొందరు అంచనా కట్టినారు. వీరిలో ఎక్కువమంది బాంబు తగిలి చనిపోయినవారు కారు. కలరా, జిగట విరేచనాలు, మలేరియా, ఆకలి వారిని తీసుకొనిపోయినవి. ప్రోము నుండి టాంగుపు దారిలో మంచినీరు అరుదు, జనం వేలు. కలరా అక్కడ విజృంభించినది. ప్రాణాలతో ఇల్లు చేరినవారికి ఊరట కూడ ఎక్కువ దినాలు దక్కలేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీదనే బాంబులు పడినవి. 1964 తరువాత బర్మా నుండి మరల మరొక వెల్లువ వచ్చినది. విశాఖలోని బర్మా క్యాంపు ఆనాటిదే.

1942లో ఆ కొండదారిలో బిడ్డను కాపాడుటకు ఏమి కావలసి ఉండినది? మరగించిన నీరు, చిటికెడు ఉప్పు, కొంచెం బెల్లమో చక్కెరయో. ఇవి ఎవరి మూటలోనూ లేవనలేము. లేనిది తెలివిడి. విరేచనాలు పట్టినవానికి నీరు పోస్తే ఇంకా పోతవని మన ఇండ్లలో నమ్మిక. లంఖణం పరమౌషధమని సామెత కూడ ఉన్నది. జ్వరానికి ఎట్లున్నా, ఈ జబ్బులో ఆ సామెత ఎందరు పసివారిని బలిగొన్నదో! వైద్యులను మాత్రం తప్పుపట్టి లాభమేమి? 1832లోనే థామస్ లాట్టా అను స్కాట్లాండు వైద్యుడు కలరా రోగుల నరంలోకి ఉప్పునీరు ఎక్కించినాడు. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో కలకత్తాలో లియొనార్డు రోజర్సు ఆ పద్ధతిని మెరుగుపరచి మరణాలను బాగా తగ్గించినాడు. ఐతే దానికి శుద్ధిచేసిన ద్రావణం, సూది, నరం పట్టగల చేయి కావలె. టాంగుపు కనుమలో అవి ఎక్కడివి?

ఉప్పునీరు నోటిద్వారా ఇస్తే ఏమగును అన్నది తరువాతి ప్రశ్న. ఒట్టి ఉప్పునీరు ఇచ్చి చూచినవారు నిరాశ చెందినారు. ప్రేగు దానిని పీల్చుకొనదు. 1953లో కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ ఛటర్జీ ఉప్పుతో గ్లూకోజు కలిపి త్రాగించి, తీవ్రత తక్కువైన కలరా రోగులను నయం చేసి, ఆ సంగతి లండనులోని లాన్సెట్ పత్రికలో ప్రకటించినాడు. ఎవ్వరూ పట్టించుకొనలేదు. అది ఎందుకు పనిచేసినదో అప్పటికి తెలియకపోవడం ఒక కారణం. 1960లో రాబర్టు క్రేను ఆ గుట్టు విప్పినాడు. చిన్నప్రేగు గోడలోని కణాలలో సోడియమును, గ్లూకోజును జతగా మాత్రమే లోనికి తీసికొనే ఏర్పాటు ఒకటి కలదు. ఆ జంట లోనికి పోతే దాని వెంట నీరు పోతుంది. కలరా విషం ప్రేగు నుండి నీటిని వెలికి తోడుతున్నా ఈ ద్వారం మాత్రం మూతపడదు. 1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డు క్యాష్ ఈ ద్రావణంతో సెలైను అవసరం చాలావరకు తగ్గునని రోగులపై నిరూపించినారు. అదియు ఆసుపత్రిలో, కొలతలు పట్టే నిపుణుల పర్యవేక్షణలో.

అప్పుడు యుద్ధం వచ్చినది. 1971 మార్చి 25 రాత్రి తూర్పు పాకిస్తానులో సైనికచర్య మొదలైనది. ఏడాది ముగిసేలోగా సుమారు కోటిమంది కాందిశీకులు సరిహద్దు దాటి భారతదేశానికి వచ్చినారు. జూను మాసంలో కలకత్తా నుండి దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు సరిహద్దులోని బనగాం ఆసుపత్రికి పోయినాడు. రెండు గదులు, పదహారు మంచాలు. నేలమీద, వాంతులు విరేచనాల మధ్య రోగులు. సెలైను సీసాలు అయిపోవచ్చినవి. ఆయన సాహసం చేసినాడు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా చొప్పున కలకత్తా ప్రయోగశాలలో తూచి, పాలితీను సంచులలో పోసి, ఇస్త్రీపెట్టెతో అంచులు అతికించి పంపించినారు. శిబిరంలో కొళాయిలు బిగించిన పీపాలలో కలిపినారు. త్రాగించినది నర్సులు కాదు. అంతమంది నర్సులు లేరు. తల్లులు, అక్కలు, అవ్వలు గిన్నెతో పట్టుకొని గుక్కగుక్కగా పోసినారు.

సుమారు 3,700 మంది రోగులలో మరణించినవారు నూటికి 3.6. అంతకుముందు ఆ శిబిరాలలో నూటికి పాతికకు పైగా పోతుండినారు. శాస్త్రదృష్టితో చూస్తే ఇది కట్టుదిట్టమైన ప్రయోగం కాదు; పోల్చుటకు మందు ఇవ్వని జట్టు లేదు, అట్టి జట్టును పెట్టుట అమానుషం కూడ. స్పృహ తప్పినవారికి ముందు సెలైనే కావలసి వచ్చినది. 1973లో ఆ నివేదిక అచ్చైనది. అప్పటికీ పెద్ద వైద్యులలో చాలామంది నమ్మలేదు. నా ఉద్దేశంలో బనగాం కనిపెట్టినది ద్రావణాన్ని కాదు, అది ఇదివరకే ఉన్నది. చదువురాని తల్లి కూడ దానిని తప్పులేకుండ ఇవ్వగలదన్నదే అక్కడ రుజువైన సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ దానిని 1970వ దశకం చివర స్వీకరించినవి. 1980 నుండి బంగ్లాదేశులో బ్రాక్ అను సంస్థ స్త్రీలు ఇంటింటికి పోయి, మూడువేళ్ళ చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అరసేరు నీరు అని కోటికి పైగా ఇండ్లలో నేర్పినారు. మన అవ్వలు ఉప్పు వేసి పట్టే పలుచని గంజి కూడ ఈ కోవలోనిదే. అందలి పిండిపదార్థం ప్రేగులో గ్లూకోజుగా మారుతుంది. లంఖణపు సామెతతో పాటు ఈ గంజిని కూడ వారే ఇచ్చినారని మరువరాదు.

2002లో పొట్లంలోని పాళ్ళు మారినవి. ఇప్పుడు లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాసియం క్లోరైడు 1.5, సోడియం సిట్రేటు 2.9. చక్కెర హెచ్చితే ప్రేగులోకి నీరు ఎదురు వస్తుంది. దుకాణాలలో ఓ.ఆర్.ఎస్. పేరుతో అమ్మిన తీపి పానీయాలపై హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి పోరాడినది ఇందుకే. 2025 అక్టోబరులో ఆ పేరు వాడరాదని ఆహార భద్రతా సంస్థ ఆజ్ఞాపించినది.

హైదరాబాదుకు ఈ చరిత్రలో మరొక పాలు కూడ ఉన్నది. ఇక్కడి శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసిన నోటి కలరా టీకా షాన్‌చోల్‌ను 2012 చివర దక్షిణ సూడానులోని మబాన్ కాందిశీక శిబిరాలలో వేసినారు. దాని తయారీ తరువాత ఆగినది. 2024లో భారత్ బయోటెక్ హిల్‌కోల్ అను మరొక టీకాను విడుదల చేసినది. గర్భిణులకు ఈ టీకాలు వేయుటకు మొదట జంకినారు. వారిని విడిచిపెట్టరాదని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది.

మూసారాంబాగు నుండి దక్షిణంగా కొన్ని మైళ్ళు పోతే బాలాపూరు. 2012 ప్రాంతం నుండి అక్కడ వెదురుబద్దలు, టార్పాలిన్లతో వేసుకొన్న గుడిసెలలో రోహింగ్యా కుటుంబాలు తలదాచుకొన్నవి. వారు వచ్చినది అరకాను నుండి. 1942లో తెలుగు కూలీలు బిడ్డలను ఎత్తుకొని దాటిన సీమ నుండియే. వారి దగ్గర ఉన్నది ఐక్యరాజ్య సమితి శరణార్థి కార్డు. మన పొట్లం మీద అచ్చువేసిన సూచనలు వారి భాషలో ఉండవు. పొట్లమంతా ఒకేసారి ఒక లీటరు నీటిలో కలుపవలెననీ, కలిపినది ఇరవైనాలుగు గంటలు దాటితే పారబోయవలెననీ, చంటిబిడ్డకు తల్లిపాలు ఆపరాదనీ అక్కడి తల్లికి ఒకరు ఎదుట కూర్చుండి, లీటరు సీసాతో కలిపి చూపవలసి ఉన్నది. బనగాంలోను అట్లే చూపినారు.